ఈగ వాలని చేప

మిరియం తీగకి వచ్చే కుళ్ళు గురించి రాయమని ముగ్గురు నలుగురు అడిగారు. అది వచ్చేసారి రాస్తాను. ఈసారి పంట గురించి కాదు, పళ్ళెం గురించి. కొంచెం కోపం మీద ఉన్నాను, మాట ఎక్కడైనా పెళుసుగా పడితే సర్దుకోండి.

మొన్న మన హుకుంపేట సంతలో మా బావమరిది నా చెయ్యి పట్టుకుని ఎండు చేపల వరస దగ్గరికి లాక్కెళ్ళాడు. "ఇది చూడు బావా, ఎంత శుభ్రంగా ఉందో. ఒక్క ఈగ లేదు" అన్నాడు. నిజమే, లేదు. నాలుగు అడుగుల అవతల మేక మాంసం కొట్టే చోట ఈగలు ముసురుతున్నాయి. కోసిపెట్టిన పనస తొనల మీద ఈగలు. బెల్లం జీళ్ళ మీద ఈగలు. వాన తుంపర్లకి తడిసిన గోనె మీద, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతున్న చేప మీద మాత్రం ఈగ లేదు. మావాడు మూడు పావులు కట్టించుకున్నాడు. పదిమంది ముందు బావమరిదిని తెలివితక్కువోడా అనలేం కదా, నోరు మూసుకుని వచ్చాను. ఇంటికొచ్చాక మూసుకోలేక రాస్తున్నాను.

మనం రైతులం. ఈగకి ఏది పడదో, పురుగు ఏ వాసనకి చస్తుందో మనకి తెలిసినంతగా పెద్ద చదువులు చదివిన వాళ్ళకి కూడా తెలీదు. పంపు భుజానికి తగిలించుకుని తిరిగినోళ్ళం. మందు కొట్టిన మర్నాడు చేలోకి పశువుని వదలం, పిల్లల్ని పంపం. అలాంటిది సంతలోకి అడుగు పెట్టగానే ఆ తెలివంతా ఎక్కడికి పోతోంది? ఈగ కూడా ముట్టని తిండిని "శుభ్రం" అనుకుని ఇంటికి తెచ్చి, బాలింతకి చారు పెడుతున్నాం.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఎవరో ఒకరు తప్పు పడతారు. ఈగ లేని ప్రతి చేపా మందు చేప కాదు. బాగా ఉప్పు పట్టి, పుల్లలా ఎండిన చేప మీద కూడా ఈగ పెద్దగా వాలదు. ఈగకి గుడ్డు పెట్టుకోవడానికి తడి కావాలి, మెత్తదనం కావాలి. పుల్లలాంటి చేపలో దానికేం పని? కాబట్టి లెక్క ఇలా చూసుకోవాలి. చేప విరిస్తే టక్కున విరిగి, ఈగ లేదంటే, అది ఎండ చేసిన పని. చేప వంచితే వంగి, నొక్కితే దిగి, నీచు వాసన కొట్టి, అయినా ఈగ లేదంటే, అది ఎండ చేసిన పని కాదు. ఇంకేదో చేసింది. ఆ ఇంకేదో ఏంటని అడగడమే ఈ రాతంతా.

చేప ఎండటం ఎలాగో మనలో చాలామంది చూసి ఉండరు, మనది కొండ కాబట్టి. నేను కుర్రతనంలో రెండేళ్ళు భీమిలి దగ్గర పనికి ఉన్నాను, అక్కడ చూశాను. మూడు నాలుగు కేజీల పచ్చి నెత్తళ్ళు ఎండితే ఒక కేజీ మిగులుతుంది. మిగతాదంతా నీరే, ఎండ తాగేస్తుంది. మంచి ఎండ కాస్తే చిన్న చేప రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. పెద్ద చేపకి పొట్ట చీల్చి, శుభ్రం చేసి, ఉప్పు దట్టించి, ఉప్పునీరు కారిపోయాక ఎండేస్తారు. ఉప్పు చేసేది ఒక్కటే పని, లోపలి నీటిని బయటికి లాగడం. నీరు లేని చోట కుళ్ళు పట్టదు, పురుగు పట్టదు. మన తాతలు మాంసం కోసి పొయ్యి పైన అటక మీద వేలాడదీసేవారు కదా, అదీ అదే. పొగ, వేడి, నీరు పోవడం. (ఆ పొగ కూడా పూర్తిగా మంచిదేం కాదని డాక్టర్లు అంటారు. నిజమే అయి ఉంటుంది. కానీ ఏడాదికి రెండు మూడు సార్లు తినే పొగ మాంసం వేరు, వారం వారం తినే చేప వేరు.)

ఇప్పుడు వానాకాలం వచ్చిందనుకోండి. ఎండ లేదు. చేప ఇసుక మీద పరిచి ఉంది, ఎండటం లేదు. ఒక్క పూట ఆలస్యమైతే ఈగ గుడ్డు పెడుతుంది, మర్నాటికి పురుగులు లుకలుకలాడతాయి. అప్పుడు వ్యాపారం చేసేవాడికి మూడు దారులు. ఒకటి, ఎత్తుగా వెదురు తడికలు కట్టి, పైన వల కప్పి, గాలి ఆడేలా ఎండబెట్టడం. ఖర్చు, చాకిరీ. రెండు, ఉప్పు ఎక్కువ వెయ్యడం. మూడు, మందు చల్లెయ్యడం. మూడోదానికి తడిక అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, ఆగక్కర్లేదు. సీసా మూత తీస్తే చాలు.

బంగ్లాదేశ్‌లో ఇది ఎన్నాళ్ళుగానో ఉన్న జబ్బు. అక్కడి ఎండు చేపల్లో డీడీటీ లాంటి పురుగు మందులు దొరికాయని అక్కడి పరిశోధకులే రాశారు. మనవాళ్ళలో నలభై దాటిన వాళ్ళందరికీ డీడీటీ గుర్తుండే ఉంటుంది. మలేరియా వాళ్ళు వచ్చి గోడలకి కొట్టేవారు, తెల్లగా చారలు మిగిలేవి. కొట్టే ముందు ఏమనేవారు? "అన్నం కుండలు, తిండి సామాను బయట పెట్టుకోండి" అనేవారు. అమ్మ అంబలి కుండ నెత్తిన పెట్టుకుని చింతచెట్టు కిందకి పోయేది. గోడకి కొట్టే మందు తిండి మీద పడకూడదని అప్పుడే చెప్పారు మనకి. ఇప్పుడు ఆ రకం సరుకే తిండి మీద ఉందేమో అంటే, "ఏటి కాదులే" అంటున్నాం.

ఇంకొకటి. డైక్లోర్‌వాస్ అని ఒక మందు ఉండేది, ఘాటు వాసన, ఈగలు టపటపా రాలిపోయేవి. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో దానికి నిషేధం. పంట మీదే కొట్టకూడదని ఆపేశారంటే తిండి మీద సంగతి మీరే ఆలోచించండి. అసలు ఈ మందు ఆ మందు అని కాదు. ఆహార భద్రత నిబంధనల్లో స్పష్టంగా ఉంది. తినే వస్తువు మీద నేరుగా ఏ పురుగు మందూ వాడకూడదు. గోదాముల్లో పొగబెట్టడానికి అనుమతించిన మందులకి మాత్రమే మినహాయింపు. అంటే "కొంచెమే చల్లాం" అనే మాటకి చట్టంలో చోటు లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ మందు మన ఆరోగ్యానికి చేటు అని చెబితే మీలో సగం మంది తలూపి మర్చిపోతారు, నాకు తెలుసు. మన పర్సుకి చేటు అని చెబుతాను, అప్పుడు వింటారు.

రెండేళ్ళ కిందట ఆషాఢంలో కేజీ నెత్తళ్ళు కొన్నాను, నాలుగు వందలు. చేతికి జిడ్డుగా, తడిగా తగిలాయి. మా ఇంటావిడ "ఇవి మళ్ళీ ఎండెయ్యాలి" అంది. సరే అని, పసుపు తూచే కాటా మీద ముందు తూచాను. కేజీకి సరిగ్గా ఉంది. వానలు కాస్త తెరిపిచ్చాక రెండు రోజులు రేకు మీద ఎండేసి మళ్ళీ తూచాను. ఏడు వందల ఎనభై గ్రాములు. నమ్మలేక రెండోసారి తూచాను. అంతే.

రెండు వందల ఇరవై గ్రాములు నీరు. కేజీ నాలుగు వందల లెక్కన ఎనభై ఎనిమిది రూపాయల నీళ్ళు కొన్నాను నేను. వాన కురుస్తున్న ఊళ్ళో! ముప్పై కేజీల బస్తాకి అదే లెక్క వేస్తే ఆరు కేజీల ఆరు వందల గ్రాముల నీరు, రెండు వేల ఆరు వందల నలభై రూపాయలు. మందు సీసా ఖర్చు అందులో ఏ మూలకి?

అర్థమైందా మందు ఎందుకు చల్లుతారో? చేప చెడిపోకుండా అని అందరూ అంటారు. నా లెక్కలో అది సగం నిజమే. చేప పూర్తిగా ఎండితే మందుతో పనే లేదు. పూర్తిగా ఎండనిస్తే బరువు పోతుంది, బరువు పోతే డబ్బు పోతుంది. తడి చేపని తడి చేపగానే అమ్ముకోవాలంటే, మన ఇంటికి చేరేదాకా దానికి పురుగు పట్టకూడదు. ఆ నాలుగైదు రోజుల కోసమే మందు. అంటే నీటిని చేప రేటుకి అమ్మడానికి మందు కాపలా కాస్తోంది. కాపలావాడికి కూలి ఇచ్చేది మనమే. వాడు కాపలా కాసింది మన కడుపులోకి పోయేది కూడా మనమే.

ఇక్కడ నాకు ఎక్కువ మంటెక్కే సంగతి చెబుతాను. మన పసుపు దుకాణానికి తీసుకెళ్తే ఏం చేస్తాడు? కొమ్ము విరిచి చూస్తాడు. టంగుమని మోగకపోతే "తడి ఉంది" అని బస్తాకి ఇంతని తరుగు తీస్తాడు. రాజ్మా గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు, మెత్తగా దిగితే రేటు దించుతాడు. కాఫీ గింజకైతే మిషనే ఉంది, తేమ శాతం చూసి మాట్లాడతాడు. మన సరుకులో నీటిబొట్టు ఉంటే వాడు ఊరుకోడు. మరి మనం? ఎండు చేప అని పేరు పెట్టి తడి చేప ఇస్తుంటే విరిచి చూడం, కొరికి చూడం, తరుగు అడగం. "పావు కట్టమ్మా" అని డబ్బులు ఇచ్చేసి బేగి ఆటో ఎక్కేస్తాం. అమ్మేటప్పుడు మనమే తగ్గాలి, కొనేటప్పుడూ మనమే తగ్గాలి. ఎక్కడ రాసి ఉంది ఇది?

మన కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణమే తెరిచారు. మంచిదే, గర్వమే. అక్కడ కప్పు కాఫీ తాగే వాళ్ళ కోసం మన గింజలో మందు ఉందా లేదా అని నమూనాలు తీసి చూస్తారు. ప్రకృతి సేద్యం మీటింగుల్లో మనకి కషాయాలు నూరడం నేర్పిస్తారు. పారిస్ వాళ్ళ కడుపుకి ఇంత కాపలా ఉంది. ఆ గింజ కోసి తెచ్చిన ఆడకూతురు సాయంత్రం సంతలో కొన్న నెత్తళ్ళకి మాత్రం ఏ నమూనా లేదు.

"ఎండు చేప మానేస్తే పోలా" అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు, ముఖ్యంగా కొండ కింద. మానేసి ఏం తినాలి? మనలో చాలా ఇళ్ళలో పాలు తాగే అలవాటు లేదు. కోడి పండక్కి, మేక పెళ్ళికి. చోడి అంబలిలోకి, సామ అన్నంలోకి వారమంతా తోడుగా ఉండేది ఆ గుప్పెడు ఎండు చేపే. ముల్లుతో సహా నమిలేసే నెత్తళ్ళలో మాంసకృత్తులు, కాల్షియం ఎంతుంటాయో అంగన్‌వాడీ పోస్టర్ల మీదే రాసుంటుంది. రక్తం లేదని ఆసుపత్రిలో చెప్పిన ప్రతి ఆడపిల్ల ఇంట్లోనూ ఈ చేప ఉండాలి. మానెయ్యమనడం కాదు నేను చెప్పేది. మంచిది ఇవ్వమని అడగమంటున్నాను. ఉప్పు మాత్రం బీపీ ఉన్నవాళ్ళు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండుకోండి. కడిగితే మందు కూడా పోతుందిలే అనుకోవద్దు. కొంత పోవచ్చు, కొవ్వులో కలిసే రకం నీళ్ళకి పోదు.

పట్నం వాళ్ళ తిండిలో మందు లేదా అంటారు కొందరు. ఉంది. అరకు వచ్చే టూరిస్టులకి హోటళ్ళలో పెట్టే సాసేజీ, హామ్ లాంటి నిలవ మాంసాల్లో నైట్రైటు వేస్తారు. దాని దగ్గరి చుట్టమే సురేకారం, పెట్లుప్పు. మనం ఆకుల మీద కొట్టే 13-0-45 ఉందే, అది పొటాషియం నైట్రేటే. పూర్వం నుంచీ ఐరోపాలో మాంసం నిలవకి సురేకారం వాడేవారు. మాంసానికి ఎర్ర రంగు నిలబెడుతుంది, బొటులిజం అనే ప్రాణం తీసే జబ్బు తెచ్చే విషక్రిమిని ఆపుతుంది. అయినా 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన విభాగం, ఇలా నిలవ చేసిన మాంసం పేగు క్యాన్సర్‌కి కారణమవుతుందని తేల్చి చెప్పింది. రోజుకి 50 గ్రాములు తినేవాళ్ళకి ఆ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. పెరగడం అంటే వందలో పద్దెనిమిది మందికి వస్తుందని కాదు, ఉన్న ముప్పు మీద అంత ఎక్కువవుతుందని.

నేను దీన్ని ఎందుకు ఎత్తానంటే, ఆ పట్నం ప్యాకెట్‌కీ మన గోనెకీ తేడా చూడండి. ప్యాకెట్ మీద ఏం వేశారో రాసి ఉంటుంది. ఎంతవరకు వెయ్యొచ్చో చట్టంలో హద్దు ఉంది. తయారీ తేదీ ఉంది. చదువుకున్నోడు చదివి, తినాలో వద్దో వాడే తేల్చుకుంటాడు. మన గోనె మీద ఏముంది? వెనక యూరియా కంపెనీ పేరు ఉంది, అంతే. విషం అయినా వాళ్ళకి పేరు పెట్టి ఇస్తున్నారు, మనకి పేరు లేకుండా ఇస్తున్నారు. దయచేసి దీన్ని చదివి ఎవరూ ఇంట్లో మాంసానికి ఎరువు సంచిలోది చల్లి చూడొద్దు. ప్రాణాలు పోతాయి. మన గుంటలు వీడియోలు చూసి ఏదైనా చేస్తారు, అందుకే చెప్తున్నాను.

పచ్చి చేప సంగతి కూడా ఒక ముక్క. థర్మకోల్ పెట్టెల్లో ఘాట్ ఎక్కి వస్తోంది కదా. ఆసుపత్రి కాలేజీల్లో శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్‌ని చేపకి కొడుతున్నారని 2018లో పెద్ద గొడవ జరిగింది. జూన్‌లో కేరళ వాళ్ళు ఆపరేషన్ సాగర్ రాణి అని పేరు పెట్టి చెక్‌పోస్టుల దగ్గర లారీలు ఆపి వేల కేజీల చేప పట్టుకున్నారు. జూలైలో అస్సాం ప్రభుత్వం మన ఆంధ్రా నుంచి వచ్చే చేపని పది రోజులు ఆపేసింది. గోవా కూడా బయటి చేప రానివ్వలేదు. ఆ రోజుల్లోనే కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్ళు ఒక కాగితం ముక్క లాంటి కిట్ తయారు చేశారు. చేప మీద రుద్ది మందు చుక్క వేస్తే, రంగు చూసి కొద్ది నిమిషాల్లో ఫార్మలిన్ సంగతి తేలిపోతుంది. ఆ సంస్థకి విశాఖపట్నంలో కూడా కేంద్రం ఉంది.

మన రాష్ట్రం చేపని అస్సాంలో ఆపి చూశారు. ఎక్కడి అస్సాం! విశాఖ నుంచి ఒక్క పూట లారీ ప్రయాణంలో ఉన్న మన సంతలో ఆ కాగితం ముక్క నా కంట్లో ఇంతవరకు పడలేదు. అది పురుగు మందుని పట్టదు, ఫార్మలిన్‌ని, అమ్మోనియాని పట్టేవే ఆ కిట్లు. అదైనా లేదు మనకి.

ఇక అమ్మే ఆమె సంగతి. సముద్రం వైపు నుంచి వచ్చి అమ్ముకునే ఒక పెద్దావిడ నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. పోయిన సంవత్సరం నేను కొంచెం గట్టిగానే అడిగేశాను, ఏం చల్లుతున్నారమ్మా అని. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాను సల్లినానా బాబూ? గొడౌన్‌లో బస్తా ఎలాగిస్తే అలాగే తెస్తన్నాను. తడి బస్తా తూకం ఏసి ఇస్తాడు. నా దగ్గర అది ఎండిపోతే ఆ తరుగు నాకే కదా. బేగి అమ్మేసుకోకపోతే నాను మునిగిపోతాను" అంది. కాసేపాగి, గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంది. "మా ఇంటికైతే మేమే ఎండేసుకుంటాం."

ఆ ఆఖరి మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆవిడ మీద కోపంతో కాదు. నేను క్యాబేజీ వేసిన నాలుగేళ్ళూ గుర్తొచ్చాయి. అమ్మకానికి వేసిన మడికి వారానికోసారి కొట్టేవాణ్ణి. పెరట్లో ఇంటికి వేసిన పదిహేను మొక్కలకి బూడిద చల్లేవాణ్ణి. నా క్యాబేజీ ఏ ఊళ్ళో ఎవరు తిన్నారో, వాళ్ళ పిల్లలకేమైందో నాకు తెలీదు. మీలో ఎంతమంది అలా చెయ్యలేదో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. అందుకే చేపలమ్మే ఆడవాళ్ళ మీద అరిచి సంత నుంచి తరిమేద్దాం అనే మాట నేను ఒప్పుకోను. పోయినసారి ఎవరో కుర్రాళ్ళు అలాగే మీదకెళ్ళారు, అది తప్పు. గొలుసులో ఆఖరి కొక్కెం ఆవిడ. మనకి కనబడేది ఆవిడే కాబట్టి ఆవిడ మీద పడతాం. గోదాముకి తాళం వేసుకుని కూర్చున్నోడు మనకి కనబడడు.

ఇంకా నా తప్పు ఒకటి ఉంది. చేపలు దాచిన బుట్టకి నల్ల పురుగులు పడుతున్నాయని, ఒకసారి నేనే అటక మీద బుట్ట చుట్టూ చీమల చాక్‌పీసుతో గీత గీశాను. పక్క ఊరి చుట్టమైతే విత్తనాలకి కలిపే పొడి చిటికెడు బుట్టలోనే వేశాడట, "పైన పైన" అని. పైన పైన ఏంటి? పైదే కదా ముందు వండుకునేది! వ్యాపారి చేసిన పనే మనం ఇంట్లో చేస్తున్నాం, డబ్బు ఆశ కూడా లేకుండా. పురుగు పడితే ఎండలో పడేసి దులిపితే పోతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, అడుగున ఎండు వేపాకు వేసి, నెలకోసారి ఎండకి చూపిస్తే చాలు. మా ఇంట్లో ఇప్పుడు అలాగే చేస్తున్నాం, ఏడాదిగా పురుగు లేదు.

సరే, అడగడం ఎవర్ని? దీనికి మన చేతిలో ఉన్నంత బలం కింద ఊళ్ళ వాళ్ళకి లేదు. మనది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996లో వచ్చిన పీసా చట్టంలో, గ్రామ సంతల నిర్వహణ అధికారం పంచాయతీలకి, గ్రామసభకి ఉండేలా చూడాలని రాసి ఉంది. దాని మీద మన రాష్ట్రం 2011లో నిబంధనలు కూడా తెచ్చింది. పీసా అంటే గనులు, భూములు మాత్రమే అనుకుంటాం. సంత కూడా అందులోదే. సంతలో కూర్చున్న ప్రతివాడి దగ్గరా ఆశీలు వసూలు చేస్తున్నారు కదా. నాలుగు ఉల్లిపాయలు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ దగ్గర కూడా వదలరు. ఆశీలు తీసుకునే చెయ్యికి బస్తా మూతి విప్పి చూసే బాధ్యత లేదా?

నేను అడిగేవి చాలా చిన్నవి. చేపల వరస మీద రేకుల కప్పు వెయ్యాలి, వానకి తడవకుండా. ఆశీలు డబ్బుల్లోంచే వెయ్యొచ్చు. పొద్దున్న సరుకు దిగినప్పుడు డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ప్రతి బస్తాలోంచీ నాలుగు చేపలు తీసి విరిచి చూడాలి. విరగనిది ఆ రోజు అమ్మకూడదు, ఎండబెట్టుకుని వచ్చే వారం తెచ్చుకోవచ్చు. నెలకి ఒకసారి ఆహార భద్రత అధికారిని రప్పించి నమూనా తీయించాలి. ఆయన రాకపోతే మనమే పంపించుకోవచ్చు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ చూడండి. కొన్నవాడు ఎవడైనా ఫీజు కట్టి, తను కొన్న తిండిని ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చని అందులో ఉంది. తలా ఇరవై రూపాయలు వేసుకుంటే ఒక ఊరి వల్ల అవుతుంది.

రేటు గురించి కూడా మనం మారాలి. "ఎండినది నాలుగు వందల ఎనభై" అంటే మనమే మొహం చిట్లించి నాలుగు వందల తడిదాని దగ్గరికి పోతున్నాం. నా కాటా లెక్క మళ్ళీ చూడండి. నాలుగు వందలకి నాకు మిగిలింది ఏడు వందల ఎనభై గ్రాములు. అంటే నిజంగా ఎండిన కేజీ నాకు ఐదు వందల పదమూడు రూపాయలు పడింది. నాలుగు వందల ఎనభైది చవక! తడికలు కట్టి, చాకిరీ చేసి, సరిగ్గా ఎండబెట్టినోళ్ళు ఒడ్డున లేకపోలేదు. వాళ్ళ సరుకు మన సంతకి ఎందుకు రాదంటే, మనం కొనం కాబట్టి. డ్వాక్రా సంఘాలు నాలుగు కలిసి అలాంటి ఆడవాళ్ళ సంఘం దగ్గర నేరుగా బస్తాలు కొనుక్కుని ఊళ్ళో పంచుకోవచ్చు. మన రాజ్మా వాళ్ళకి పంపొచ్చు. గోదాము మధ్యలో ఎందుకు?

"మా తాతలు తిన్నారు, నూరేళ్ళు బతికారు" అని ఎలాగూ ఎవరో ఒకరు అంటారు. అన్నా, మీ తాత తిన్నది ఉప్పు, ఎండ. ఆయన కాలంలో సీసా లేదు.

వచ్చే గ్రామసభకి నేను కాగితం రాసి పెడుతున్నాను. మా బావమరిది కూడా సంతకం పెట్టాడు, కాకపోతే ఆ మూడు పావులూ అప్పటికే తినేశాడు. మిగతా ఊళ్ళ వాళ్ళు కూడా ఇదే మాట మీ మీ సభల్లో రాయించండి. సంత ఒక్క పంచాయతీదే అయినా కొనేది మండలం అంతా. ఈ వారం సంత రోజు పొద్దున్న ఏడింటికి చేపల వరస దగ్గర ఉంటాను, పసుపు కాటా కూడా తెస్తున్నాను. కేజీ తడిది, కేజీ ఎండినది కొని, అందరి ముందూ తూచి, రేకు మీద ఎండేసి మళ్ళీ వారం అక్కడే తూచి చూపిస్తాను. వచ్చేవాళ్ళు ముందే రండి. పది దాటితే జనంలో కాటా పెట్టడానికి చోటుండదు.